ఒక్కనాటి స్వపరిపాలనము చాలునా?

ఏటేటా మన పాఠశాలలలో జరుగు స్వపరిపాలన దినోత్సవమునాడు పదవ తరగతి బాలిక పట్టుచీర కట్టి ప్రధానోపాధ్యాయిని యగును, ఒకడు కలెక్టరును మఱొకడు డీఈఓయునై గదిగదికి తిరిగి తనిఖీ చేయుదురు, తక్కినవారు చిన్న తరగతులకు పాఠములు చెప్పుదురు. సాయంకాలము బహుమతి ప్రదానము ముగిసినంతనే అధికారమంతయు యథాస్థానమునకు మరలిపోవును. నలుగురి యెదుట జంకులేక మాటాడ నేర్చుట స్వల్పలాభము గాదు గనుక ఈ వేడుకను నేను నిరసింపను. అయినను మఱునాడు క్లాస్ లీడరనబడు బాలుడు మార్కులనుబట్టియో మాస్టారి యభిమానమునుబట్టియో నియమితుడై, అల్లరి చేసినవారి పేర్లు బోర్డుపై వ్రాయుటయే నాయకత్వమని తలంచుచుండుట చూచినపుడు, బడి నేర్పుచున్నది స్వపరిపాలనమా, పైవారి కొలువా యని సందేహము కలుగుచున్నది.

ఈ లోపము జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలకు బొత్తిగా తగదు. 1946 జూలై 4న కడవెండిలో తెలంగాణ రైతాంగ పోరాటయోధుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన ఆ దినములలో, నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో, బడిగడప తొక్కని రైతుకూలీలే సంఘముగా కూడి, తగవులు తీర్చుకొని, భూములు పంచుకొనిరి. మహబూబాబాదు ప్రాంతమున 2018 పంచాయతీరాజ్ చట్టముతో తండాలెన్నియో స్వతంత్ర గ్రామపంచాయతీలైనవి. అచ్చటి లంబాడీ బాలిక 21 ఏండ్లు నిండినంతనే సర్పంచి పదవికి నిలువవచ్చును. భూపాలపల్లి బొగ్గుబాయిలలో పనిచేయు సింగరేణి కార్మికులు తమ గుర్తింపు సంఘమును రహస్య బ్యాలెట్టుతో ఎన్నుకొను పద్ధతి 1998 నుండియు ఉన్నది. తండ్రికి బాయిలో దక్కిన ఓటు బిడ్డకు బడిలో ఏల దక్కరాదు?

ఎన్నికలన్నంతనే కులము, ధనము, పార్టీజెండా బడిలో చొరబడునని పెద్దలు భయపడుదురు. ఆ భయము నిరాధారము కాదు. కాని దానికి విరుగుడు ఎన్నికలను మానుట గాక, పార్టీలకును ఖర్చునకును తావులేని నియమములు పెట్టి, పదవీకాలమును మూడు నెలలకు పరిమితము చేసి, బాలబాలికలకు సమస్థానములు కల్పించుటయే. రాజస్థానమునందలి తిలోనియాలో పగలు మేకలు కాచి రాత్రిబడికి వచ్చు పిల్లలే తమ పార్లమెంటును ఎన్నుకొని, బడుల మంచిచెడ్డలు విచారించిరి.

ఎన్నికైనవారికి బిరుదులిచ్చి పని యీయకున్న అదియు మఱొక వేషమే యగును. మధ్యాహ్న భోజనపు నాణ్యతను, మరుగుదొడ్ల నీటివసతిని, గ్రంథాలయపు తాళమును వారి విచారణకు విడువవలెను. వారు వ్రాసియిచ్చిన ప్రతి విన్నపమునకు ప్రధానోపాధ్యాయుడు ప్రార్థనాసమయమున అందఱి యెదుట బదులు చెప్పవలెను. కాదనవలసివచ్చిన యెడల, కారణము చెప్పి కాదనవలెను. అడుగుటయు, వినుటయు, ఓడియు కలిసి పనిచేయుటయు బాల్యముననే అలవడవలసిన గుణములు. పదునెనిమిదవ యేట ఓటుతో పాటు వాటంతట అవి రావు.

కావున ఈ మూడు జిల్లాల ప్రధానోపాధ్యాయులకు నా మనవి యొక్కటే: రాబోవు జూన్‌లో బడులు తెఱచినపుడు, పాఠ్యపుస్తకముల పంపిణీతో పాటు ఒక బ్యాలెట్ పెట్టెను కూడ సిద్ధపఱచుడు.