మాటకారి అతడు, మాయలాడి ఆమె

కార్తీక సోమవారం నాడు యాగంటి వెళ్లి, దర్శనం అయ్యాక ఒక గాజుల అంగడి పక్కన గంటసేపు కూర్చున్నాను. అంగడి అంటే నాలుగు గుంజలు, పైన నీలం పట్ట, అడ్డకర్రలకు తొడిగిన గాజుల వరుసలు. నడిపేది యాభై దాటిన ఒక గాజులమ్మ. గాజులు చూద్దామని ఆగిన ప్రతి ఆడమనిషి చేతినీ ఆమె ముందు తన చేతుల్లోకి తీసుకుంటుంది. ధర మాట తర్వాతే.

"ఏ ఊరు పాపా మీది?"

"అవుకు."

"అవుకా! మా పెద్దకూతుర్ని ఆడికే ఇచ్చినాం."

మాట్లాడుతూనే వేళ్ల కణుపులు మెల్లగా నొక్కుతుంది. బొటనవేలిని అరచేతిలోకి మడుస్తుంది. "చెయ్యి వదులుగా పెట్టు, నొప్పెయ్యదు" అంటూనే ఒక గాజు ఎక్కించేస్తుంది. పెళ్లయిందా, పిల్లలెందరు, ఆ చీర ఎక్కడ కొన్నావు అని అడుగుతుంది. జవాబు పూర్తయ్యేదాకా కళ్లలోకి చూస్తూ వింటుంది. డజను నిండాక, "ఈ పచ్చ నీ చేతికే పుట్టిందమ్మా" అని అప్పుడు ధర చెబుతుంది. ఆ గంటలో గాజులు తీసిచ్చి వెళ్లిపోయినవాళ్లను ఒక్కరిని కూడా నేను చూడలేదు.

అవుకు ఆమె భర్త డబ్బులిస్తూ, "మాటల్తోనే మాయ చేస్తాది ఈ యమ్మ" అన్నాడు. పది అడుగుల అవతల బొమ్మలు అమ్మే కుర్రవాడూ ఇదే పని చేస్తున్నాడు. పిల్లల్ని నవ్విస్తున్నాడు, తల్లుల్ని అక్కా అంటున్నాడు. అతని దగ్గర కారు బొమ్మ కొన్న అదే మనిషి, "గట్టి మాటకారివప్పా, బాగుపడతావు" అని భుజం తట్టాడు.

ఆ రెండు మాటలు నన్ను ఇంటిదాకా వదల్లేదు. ఎదుటివాళ్లను ఆకట్టుకునే ఆడదానికి మన భాషలో ఎన్ని పేర్లున్నాయో చూడండి: వగలాడి, టక్కులాడి, మాయలాడి, సోకులాడి, నంగనాచి. ఏ ఒక్కటి ముఖాన అన్నా గొడవే. మగవాడైతే మాటకారి, చతురుడు, లౌక్యం తెలిసినవాడు. పాత కావ్యాల్లో జాణ అనే మాట నేర్పరితనానికి పేరు, ఆడకైనా మగకైనా. ఈ రోజు ఒక ఆడపిల్లను జాణ అంటే పక్కనున్నవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. నేర్పుకు మంచి పేరు లేనిచోట ఆ నేర్పును ఎవరూ బాహాటంగా నేర్పరు, బాహాటంగా నేర్చుకోరు.

అమెరికాలో దీన్ని బల్లమీద పెట్టి పరీక్షించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో వ్యాపార శాస్త్రం బోధించే లారా క్రే, మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి 2012లో ఒక పరిశోధనాపత్రం ప్రచురించారు. బేరసారాల్లో స్త్రీ ఆకర్షణ వల్ల లాభమెంత, నష్టమెంత అన్నదే అందులో ప్రశ్న. ఒక ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు 1,200 డాలర్ల విలువచేసే కారును తాము అమ్ముతున్నట్టు ఊహించుకోవాలి. కొనడానికి ఒక స్త్రీ వస్తుంది. కొందరికి ఆమె కరచాలనం చేసి ముక్తసరిగా ధర అడిగినట్టు చెప్పారు. మరికొందరికి నవ్వుతూ, చేతిని తాకుతూ, సరసంగా మాట్లాడుతూ అడిగినట్టు చెప్పారు. రెండో రకం ఆమెకు మగవాళ్లు 100 డాలర్లకు పైగా తగ్గించడానికి సిద్ధపడ్డారు. ఆడవాళ్ల మీద మాత్రం ఆ సరసం పనిచేయలేదు.

నాకు ఎక్కువ విలువైనదిగా తోచింది అదే పత్రంలోని ఇంకో సంగతి. వాళ్లు ఆకర్షణను రెండు పాయలుగా విడదీశారు, స్నేహంగా ఉండటం ఒకటి, సరసంగా ఉండటం ఒకటి. ఉత్త స్నేహం ఒక్కటే చూపిన స్త్రీని ఎదుటివాళ్లు మంచిదే అనుకున్నారు గానీ, తన లాభం గురించి పట్టింపు లేనిదానిగా లెక్కగట్టారు. మెతకగా ఉంటే ఖర్చు ఉంది, చొరవగా ఉంటే ఇంకో రకం ఖర్చు ఉంది, రెంటినీ ఎలా కలపాలన్నదే నేర్పు. ఇది ఊహించుకున్న కారు, ఊహించుకున్న బేరం. అక్కడి మాట ఇక్కడ అక్షరాలా చెల్లదు. బనగానపల్లె సంతలో మగవాడి చెయ్యి తాకి వంకాయల ధర అడగమని నేను ఎవరికీ చెప్పను. మనం తీసుకోవలసింది ఆ ఫలితాన్ని కాదు, అడిగిన పద్ధతిని. అక్కడ 'ఇది తప్పా ఒప్పా' అని ముందే తీర్పు చెప్పి తలుపు వేయలేదు. ఇది ఎవరి మీద పనిచేస్తుంది, ఎప్పుడు బెడిసికొడుతుంది అని అడిగారు. మనదగ్గర తీర్పు ముందుంటుంది, ప్రశ్న ఎప్పటికీ రాదు.

2017లో హార్వర్డ్ పరిశోధకులు చేసిన పని గాజులమ్మకు ఇంకా దగ్గర. కొత్తవాళ్లను జంటలుగా కూర్చోబెట్టి పదిహేను నిమిషాలు మాట్లాడుకోమన్నారు. కొందరిని కనీసం తొమ్మిది ప్రశ్నలు అడగమన్నారు, కొందరిని నాలుగు దాటొద్దన్నారు. ఎక్కువ అడిగినవాళ్లే ఎదుటివాళ్లకు ఎక్కువ నచ్చారు. అందులోనూ చెప్పిన జవాబును పట్టుకుని దానిమీద మళ్లీ అడిగే ప్రశ్నకు బలం ఎక్కువ. "అవుకా! మా పెద్దకూతుర్ని ఆడికే ఇచ్చినాం" అనే మాట ప్రశ్న కాకపోయినా, జవాబును పట్టుకోవడంలోని ఆ బలం దానికీ ఉంది. గాజులమ్మకు ఆ సంగతి ఏ విశ్వవిద్యాలయమూ చెప్పలేదు. అయితే ఆమె దాన్ని తన కోడలికి కూడా పాఠంగా చెప్పి ఉండదు. చూసి పట్టుకున్నవాళ్లకు వస్తుంది, లేనివాళ్లకు లేదు.

ప్రయోగశాలను వదిలి, ఈ నేర్పునే వృత్తిగా నిలుపుకున్న చోటు చూడాలంటే జపాన్‌లోని క్యోటోకు వెళ్లాలి. మనం గీషా అని పిలిచేవాళ్లను అక్కడ గేకో అంటారు, శిక్షణలో ఉన్న అమ్మాయిని మైకో అంటారు. మైకో శిక్షణ సుమారు ఐదేళ్లు. నాట్యం, షామిసెన్ వాద్యం, తేనీటి మర్యాద నేర్పుతారు. వాటితోపాటు అతిథి పోయినసారి ఏం మాట్లాడాడో గుర్తుపెట్టుకోవడం, బిడియపడి మూల కూర్చున్నవాణ్ని మాటల్లోకి లాగడం, ఎవరి గౌరవానికీ భంగం లేకుండా నవ్వించడం కూడా పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుంటారు. పూర్వం వాళ్ల సమయాన్ని అగరువత్తులతో కొలిచేవారు, ఎన్ని వత్తులు కాలితే అన్నింటికి డబ్బు. అంటే ఆ సాంగత్యానికి, ఆ మాటనేర్పుకు ఒక ధర ఉందని ఊరంతా ఒప్పుకున్నట్టే. 1872లో క్యోటో ప్రదర్శన సందర్భంగా మొదలైన వాళ్ల వసంత నాట్యోత్సవం మియాకో ఒదొరి ఇప్పటికీ ఏటా ఏప్రిల్‌లో జరుగుతుంది.

అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. 2022లో ఒక మాజీ మైకో, చిన్న వయసులోనే తనచేత మద్యం తాగించారని, వేధింపులు ఎదుర్కొన్నానని బయటపెట్టింది. దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. కళ పేరు చెప్పి కష్టాన్ని కప్పిపుచ్చడం ఎక్కడైనా జరుగుతుంది.

మనకూ అలాంటి వృత్తి ఉండేది. అభినయం, సంగీతం, సాహిత్యం, సభలో మాట తీరు తల్లి నుంచి కూతురికి అందిన కళావంతుల కుటుంబాలు ఉండేవి. దాని చుట్టూ దోపిడీ ఉండేది, మన సీమలో బసివి పేరుతో పసిపిల్లల్ని ముడుపు కట్టిన ఘోరమూ ఉండేది. 1947లో మద్రాసు చట్టం, 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం దేవదాసీ సమర్పణను నిషేధించాయి. ఆ చట్టాలు రావలసినవే, నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ దోపిడీని తీసేసే పనిలో ఆ నేర్పునూ అనుమానపు గంపలో వేసి బయట పారేశాం. ఆ సంప్రదాయంలోనే పుట్టిన కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనానికి ఏం జరిగిందో చూడండి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని అచ్చువేయించింది, అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది, ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం వచ్చాక గాని ఆ నిషేధం పోలేదు. క్యోటోలో వృత్తిని సంస్కరిస్తూ విద్యను నిలబెట్టుకున్నారు. మనం నాట్యాన్ని వేదిక మీదికి తెచ్చి కాపాడుకోగలిగాం. మాటను, మనసు చదివే నేర్పును మాత్రం వదిలేశాం.

నంద్యాల వాళ్లం ఇలా వదిలేయడం నాకు ఎక్కువ బాధ. ఎందుకంటే ఈ విద్య మీద తెలుగులో వచ్చిన గొప్ప పాఠం రాసినవాడు మన ఊరి ఆస్థానకవి. 16వ శతాబ్దంలో నంద్యాల కృష్ణరాజుకు కళాపూర్ణోదయం అంకితమిచ్చిన పింగళి సూరనే ప్రభావతీ ప్రద్యుమ్నమూ రాశాడు. అందులో కథ నడిపేది శుచిముఖి అనే ఆడహంస. వజ్రపురంలోకి రాజు అనుమతి లేకుండా ఎవరూ అడుగుపెట్టలేరు. ఆ రాజు కూతురు ప్రభావతి. కలలో పార్వతి చెప్పిన వరుడు ప్రద్యుమ్నుడి మీద ఆమె మనసు పడింది. శుచిముఖి ఆ సంగతి చెలికత్తెతో ఆమె మాట్లాడుకుంటుండగా వింటుంది. విన్నదాన్ని వెంటనే బయటపెట్టదు. ఎంత చెప్పాలో అంతే చెబుతుంది, మిగతాది ఆ అమ్మాయే అడిగేలా చేస్తుంది. కోటగోడలు దాటి మనిషి వెళ్లలేని చోటికి మాట దాటిపోతుంది. వినడం, ఆగడం, ఎదుటివారి కోరికను వారి నోటనే చెప్పించడం: హార్వర్డ్ వాళ్లు ప్రశ్నలు లెక్కపెట్టి కనుక్కున్నదానికి ఇది పరాయిది కాదు. ఈ కావ్యం ఇంగ్లీషు అనువాదాన్ని 2006లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ అచ్చులోకి తెచ్చారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులకు అది అందుబాటులో ఉంది. మన పిల్లలకు సూరన పేరు పరీక్షలో ఒక మార్కు ప్రశ్న.

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం ఎంత దూరం? అక్కడ చెంచులు నరసింహస్వామిని ఇప్పటికీ అల్లుడనే అంటారు. కనుమ నాడు పారువేటకు బయల్దేరిన స్వామి నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన ఊళ్లు తిరుగుతాడు. అత్తవారి మర్యాద అందుకుంటాడు. ఉగ్రరూపంలో ఉన్న దేవుణ్ని దారికి తెచ్చిన చెంచులక్ష్మి నగలూ పట్టుచీరా ఉన్న పిల్ల కాదు. జానపద కథల్లో ఆమె తనను కోరి వచ్చినవాడికి అడవి పనులు పెడుతుంది. తేనె తీయగలవా, వేటాడగలవా అని అడిగి, తన నేర్పు ముందు అతణ్ని నిలబెట్టి తర్వాత ఒప్పుకుంటుంది. ఆమె ఆకర్షణ ఆమె ధీమాలో ఉంది. యాగంటి గర్భగుడిలోనూ లింగం ఉండదు, ఒకే రాతిలో ఉమామహేశ్వరులు ఉంటారు. మన్మథుడు బూడిదైన తర్వాత కూడా తన పట్టు వదలని పార్వతే ఆ ఉమ. పూలబాణంతో కానిది ఆమె సొంత నిశ్చయంతో అయింది.

ఇన్ని కథలు కళ్లముందు ఉండి, మన ఆడపిల్లలకు ఈ విషయం ఎక్కడ దొరుకుతోంది? బస్టాండు గోడమీద 'స్త్రీ పురుష వశీకరణం, 24 గంటల్లో ఫలితం' అనే కాగితంలో. సెల్‌ఫోన్‌లో 'అబ్బాయి మనసు గెలిచే ఐదు చిట్కాలు' అనే నిమిషం వీడియోలో. మా బంధువుల అమ్మాయి ఒకతె భర్తతో మాట పడనప్పుడు తాయెత్తుకు పద్దెనిమిది వేలు పోసింది. అంత డబ్బు పెట్టి ఆమె కొనదలచింది ఒక్కటే: ఎదుటిమనిషి తన మాట వినాలి. ఎలా చెబితే వింటాడో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఆమెకు ఒక్కరూ దొరకలేదు. పెళ్లిచూపుల్లోనూ ఇంతే. పిల్లను అలంకరించి కూర్చోబెడతాం, తల వంచుకోమంటాం. నువ్వూ ఒక ప్రశ్న అడుగు, జవాబు విని ఇంకొకటి అడుగు అని ఎవరమూ చెప్పం.

ఇది మార్చలేనంత పెద్ద పని కాదు. మన జిల్లాలో పొదుపు సంఘాల ఆడవాళ్లు పచ్చళ్లు పెడుతున్నారు, చీరలు అమ్ముతున్నారు, బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని రుణం అడుగుతున్నారు. వాళ్లకు కుట్టు నేర్పుతున్నాం, లెక్కలు నేర్పుతున్నాం. బేరం నేర్పడం లేదు. నవ్వుతూనే ధర మీద నిలబడటం ఎలా, మెతక అనిపించుకోకుండా స్నేహంగా ఉండటం ఎలా, ఎదుటివాడు చనువును అలుసుగా తీసుకుంటే ఏ మాటతో ఆపాలి. ఇవన్నీ నేర్పగల విషయాలే. మోసం చేయడానికీ మనసు గెలవడానికీ గీత ఎక్కడుందో కూడా అప్పుడే నేర్పవచ్చు: తాను ఏం కోరుతోందో దాచిపెడితే మోసం, వినేవాడికి ఇంపుగా చెబితే నేర్పు. గాజులమ్మ ఎక్కించిన గాజులు విరిగినవి కావు, ధర పక్క అంగడికన్నా ఎక్కువా కాదు. నేను కనుక్కున్నాను.

నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె డిగ్రీ కాలేజీల తెలుగు అధ్యాపకులకు నా మనవి ఒకటి. ఈ ఏడాది ఒక్క మధ్యాహ్నం శుచిముఖి ఘట్టం చదివించండి. చదివాక పిల్లల్ని, ఆడా మగా అందరినీ, జంటలుగా కూర్చోబెట్టి ఒకరినొకరు తొమ్మిది ప్రశ్నలు అడగమనండి. వీలైతే యాగంటి గాజులమ్మను పిలిచి ముందు వరుసలో కుర్చీ వేయండి. ఆమెకు పూటకూలి పోకుండా చూడండి.