చెల్లెళ్ళకు వారం వారం

ఆఫీసులో రోజూ నా చేతిమీదుగా పోయే ఉత్తరాలలో మనిషి జాడ ఉండదు. “తమ లేఖ అందినది, విషయము పరిశీలనలో ఉన్నది” అని వ్రాసినవాడి బిడ్డకు ఆ పూట జ్వరమో ఏమో ఎవరికి తెలుస్తుంది? ఇంటికి వ్రాసే జాబు సంగతి వేరు. యుద్ధకాలంలో ఇంగ్లండుకు ప్రధానమంత్రిగా ఉండి కూడా చెల్లెళ్ళకు జాబు వ్రాయడం మానని ఒక పెద్దమనిషిని గూర్చి ఈ నెల చెప్పుకొందాం. ఆయన నెవిల్ ఛేంబర్లేన్. గొడుగు చేతబట్టుకొని హిట్లరుతో రాజీకి వెళ్ళినాయన అంటే మన పెద్దలకు ఇట్టే గుర్తుకు వస్తాడు.

ఛేంబర్లేన్ 1869లో బర్మింగుహాములో పుట్టాడు. ఆరేళ్ళు నిండకముందే తల్లి పోయింది. తండ్రి జోసెఫ్ రాజకీయాలలో పేరుమోసినవాడు. ఐడా, హిల్డా అని ఇద్దరు చెల్లెళ్ళు పెండ్లి చేసుకోకుండా హాంప్‌షైరు జిల్లాలో ఓడిహాం అనే పల్లెలో ఉండేవారు. అన్నగారు 1915 మొదలు 1940 దాకా ఒక వారం ఐడాకు, మరుసటి వారం హిల్డాకు వ్రాస్తూ వచ్చాడు. మంత్రివర్గంలో తగాదాలు, తోటలో పూసిన పూలు, చేపల వేట, పిట్టలు, అన్నీ ఆ జాబులలోనే. పిట్టలంటే ఆయనకు ఎంత మోజంటే, 1933లో ఆర్థికమంత్రిగా ఉండి, లండను పార్కులో ఒక జిట్టంగి పిట్టను చూశానని టైమ్స్ పత్రికకు ఉత్తరం వ్రాశాడు!

ఇంటికి కష్టమైన జాబు వ్రాయడం ఆయన ఎరగనిది కాదు. 1891లో తండ్రి ఆయనను బహామాలలోని ఆండ్రోస్ దీవికి కిత్తనార పండించమని పంపాడు. ఆరేళ్ళు ఎండలో చాకిరీ చేసినా పంట ఎదగలేదు. యాభైవేల పౌన్లు మునిగినవి. ఇక లాభం లేదని తండ్రికి తానే వ్రాసుకోవలసి వచ్చింది. ఆ కాగితం మీద కలం ఎంతసేపు ఆగిందో గదా!

చెల్లెళ్ళకు వ్రాసేటప్పుడు ఆ భయం లేదు. వారికి అన్నగారంటే ప్రాణం. 1938 సెప్టెంబరు 15న ఆయన హిట్లరును కలిసి వచ్చాడు. నాలుగు రోజుల తరువాత ఐడాకు వ్రాసిన జాబులో, ఆ ముఖంలో కరకుదనం ఉన్నా, మాట ఇస్తే నిలబడే మనిషి అనిపించిందని వ్రాశాడు. తనను చూచి హిట్లరు మెచ్చుకొన్నాడని అక్కడివాళ్ళు చెప్పిన ముచ్చట కూడా సంబరంగా చేర్చాడు. ఆరు నెలలు తిరక్కుండానే, 1939 మార్చి 15న, జర్మను సేనలు ప్రాగు నగరంలో దిగినవి. ఆ జాబు చదివినప్పుడల్లా నాకు హిట్లరు మీద కోపం కంటె ఈయన మీద జాలే ఎక్కువ కలుగుతుంది. పొగడ్త ఎంతటివాడికైనా తీపే.

1939 సెప్టెంబరు 3న యుద్ధం వచ్చింది. మనవాళ్ళను ఒక్క మాట అడక్కుండా వైస్రాయి ఇండియాను కూడా యుద్ధంలోకి దింపాడు. వారం తిరిగేసరికి ఐడాకు జాబు: రణరంగంలో గెలుపును తాను ఆశించడం లేదనీ, అది సాధ్యమా అన్నదే అనుమానమనీ, జర్మనీ లోపలినుంచే కూలిపోతుందని తన ఆశ అనీ. పార్లమెంటులో లేచి ఈ మాట అనగలడా? అక్టోబరు 14న రాయల్ ఓక్ అనే యుద్ధనౌకను జర్మను జలాంతర్గామి ముంచింది. 800 మందికి పైగా నావికులు పోయారు. మరునాడే చెల్లెలికి వ్రాస్తూ, తాను యుద్ధమంత్రిగా పుట్టినవాణ్ణి కాననీ, ఆ కూలిన కాపురాలు తలచుకొంటే ఈ బరువు ఇంకెవరికైనా అప్పగించాలని ఉందనీ చెప్పుకొన్నాడు. 1940 మే 10న అప్పగించాడు కూడా. చర్చిలు మంత్రివర్గంలో కొన్నాళ్ళు ఉండి, పేగులో క్యాన్సరుతో ఆ నవంబరు 9న కన్నుమూశాడు. ఆ జాబులు ఇప్పుడు బర్మింగుహాము విశ్వవిద్యాలయంలో ఉన్నవి. రాబర్ట్ సెల్ఫ్ అనే చరిత్రకారుడు వాటిని 2000 నుంచి 2005 లోపల నాలుగు సంపుటాలుగా అచ్చువేయించాడు.

అదే యుద్ధంలో మా నాయనమ్మ తమ్ముడు పటాళంలో చేరాడు. వేలూరులో మా వీధంతా అరవమే అయినా జాబులు మాత్రం తెలుగులోనే నడిచేవి. ఆయన కార్డులను నాయనమ్మ తీగకు గుచ్చి వంటింటి గోడకు వ్రేలాడదీసింది. చిన్నప్పుడు నాచేత చదివించుకొనేది. ప్రతిదానిలోనూ “ఇక్కడ నేను క్షేమం” అనే ఉండేది. ఒకసారి మాత్రం ఆవిడ ఊరుకోలేదట. చదువురాని మనిషి కదా, పక్కింటి పంతులుగారిచేత తిరుగుటపాలో వ్రాయించింది: “క్షేమమైనవాడికి ఇంత పొట్టి జాబు ఎందుకురా? నిజం వ్రాయి.”

రెండు నెలలకు జవాబు వచ్చింది. మలేరియాతో ఆసుపత్రిలో పడి ఉన్నాననీ, రాత్రిళ్ళు భయంగా ఉంటోందనీ. ఆ ఒక్క కార్డును నాయనమ్మ తీగకు గుచ్చలేదు. బియ్యపు డబ్బాలో దాచుకొంది.