తిరిగి చెడనిద్దాం

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున పిల్లలిద్దర్నీ తీసుకుని లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కి నాంపల్లిలో దిగాను. అక్కణ్ణుంచి నడుచుకుంటూ పబ్లిక్ గార్డెన్స్‌కి వెళ్లాం. పెద్దదానికి ఎనిమిదేళ్లు, చిన్నదానికి నాలుగు. లోపలికెళ్లిన పది నిమిషాలకే పెద్దది చెట్టెక్కింది. మరీ ఎత్తేం కాదు, నా భుజం దాకా ఉన్న కొమ్మ. కాళ్లు చెరో వైపు వేసుకుని గుర్రమెక్కినట్టు కూర్చుంది. పక్క కొమ్మ మీద దాని వయసు అబ్బాయే ఒకడున్నాడు. ఇద్దరూ మాటల్లో పడ్డారు.

కింద బెంచీ మీద ఒక పెద్దావిడ ఉన్నారు. ఆ అబ్బాయి నానమ్మట. "ఆడపిల్లవి, అలా కూర్చోకూడదమ్మా, దిగు" అన్నారు. ప్రేమగానే అన్నారు. మనవణ్ణి మాత్రం ఏమీ అనలేదు.

ఇది చదువుతున్న మీకు ఈపాటికే ఆవిడ మీద కోపం వచ్చి ఉంటుంది. కాస్త ఆగండి. ఆవిడ ఆ మాట అనగానే మా అమ్మాయి నా వైపు చూసింది. నేనేమంటానో అని. స్త్రీవాద సాహిత్యం గురించి సభల్లో మాట్లాడేవాణ్ణి, ఆడపిల్లల స్వేచ్ఛ మీద పోస్టులు పెట్టి లైకులు లెక్కపెట్టుకునేవాణ్ణి, "దిగు నాన్నా, పడతావ్" అన్నాను.

పడదని నాకు తెలుసు. అదే కొమ్మ మీద ఇంకో పిల్లాడు కూర్చుంటే ఆ మాట అనేవాణ్ణి కాదని కూడా తెలుసు. కాబట్టి ఈ తగువు ఆ పెద్దావిడతో కాదు. నాతో, నాలాంటి నాన్నలతో.

మనకో సామెత ఉంది. తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు అని. మా అమ్మ ఇప్పటికీ అంటుంది. మనం నవ్వేసి, పాతకాలం మాటలే అమ్మా అంటాం. కానీ మన ఆదివారాలు ఒకసారి చూడండి. ఆ సామెతని మనం ఎక్కడా వదల్లేదు. దాన్ని కారెక్కించి, ఏసీ వేసి, ఔటింగ్ అని పేరు పెట్టాం.

ఔటింగ్‌లో ఆడపిల్ల తిరగదు. దాన్ని తిప్పుతాం. మాల్ నాలుగో అంతస్తులో గంటకింతని డబ్బు కట్టి, సాక్సులు విడిగా కొని, చేతికి కాగితం పట్టీ చుట్టించి రంగు బంతుల్లోకి దింపుతాం. మనం అద్దం ఇవతల కూర్చుని ఫోన్ చూసుకుంటాం. గంట కాగానే మైకులో పేరు పిలుస్తారు. తర్వాత ఫుడ్ కోర్టు, ఆ తర్వాత ఇల్లు. ఆ పూటంతా పిల్ల సొంతంగా తీసుకున్న నిర్ణయం ఒక్కటైనా ఉందా? ఐస్‌క్రీం ఏ రంగుదో తప్ప?

మగపిల్లల్నీ అలాగే తీసుకెళ్తాంగా అంటారా? నిజమే. అయితే వాడికి సాయంత్రం ఇంకో ఊరుంది. సందు చివర క్రికెట్ ఉంది, సైకిలుంది, "ఎక్కడ చచ్చాడో వెధవ" అని ముద్దుగా తిట్టే అమ్మ ఉంది. ఆడపిల్లకి మనం తీసుకెళ్లినదే లోకం.

మన బాల్య సాహిత్యం తీసుకోండి. మనందరం మురిసిపోయే ముళ్లపూడి బుడుగు మగపిల్లాడు. పక్కన సీగాన పెసూనాంబ ఉంటుంది గానీ, కథ చెప్పేది బుడుగే. నామిని మిట్టూరోడి కతలు, ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు... అవన్నీ ప్రాణం పెట్టి చదువుకున్న పుస్తకాలే. వాటిలో ఊరంతా తిరిగినవాళ్లు ఎవరు? తిరిగినవాడికే కదా చెప్పుకోడానికి కథలుండేది! ఇటువైపు నాకు వెంటనే గుర్తొచ్చేది సోమరాజు సుశీల గారి ఇల్లేరమ్మ కతలు. ఆ పేరు చూడండి. కాలు నిలవకుండా ఇళ్లెమ్మట తిరిగే ఆడపిల్లని మన ఇళ్లల్లో అలా దెప్పేవాళ్లు. ఆ దెప్పుడు మాటనే అట్ట మీద పేరుగా పెట్టుకుని ఒక తరం బాల్యాన్ని మనకిచ్చారావిడ. తిరిగి చెడిందేం లేదు. తిరిగి ఒక పుస్తకం అయింది.

సంప్రదాయం పేరెత్తేవాళ్లకి ఒక మాట. మన సంప్రదాయంలో ఆడపిల్లల ఔటింగులు లేకపోలేదు. అట్లతద్దికి తెల్లారకముందే లేచి, అన్నం తిని, వీధుల్లోకి వచ్చి ఆడుకునేవాళ్లు, చెట్లకి ఉయ్యాలలు వేసుకుని ఊగేవాళ్లు. తెలంగాణలో బతుకమ్మకి ముందు పెళ్లికాని పిల్లలు బొడ్డెమ్మ చుట్టూ ఆడేవాళ్లు. ఆ చీకటి వీధి, ఆ చెరువుగట్టు కొన్ని రోజులైనా వాళ్లవి. అలాగని పాతకాలమే బంగారం అననుకోండి. అట్లతద్దిలోనూ మెలిక ఉంది. అంత ఆటా మంచి మొగుడు రావడానికట! పిల్ల ఊరికే ఊగడానికి వీల్లేదు, దానికో ప్రయోజనం ఉండాలి. ఇప్పుడు మొగుడి ప్రస్తావన తీసేసి, "మోటార్ స్కిల్స్ డెవలప్ అవుతాయి" అని పెట్టుకున్నాం. ఊరికే ఆడుకోవడం మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఈ 'ఊరికే' అన్న మాట దగ్గరే అసలు పేచీ. 2011లో 'వై లోయిటర్?' అని ఒక పుస్తకం వచ్చింది. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి ముంబై ఆడవాళ్ల గురించి రాశారు. బయట కనబడే ఆడది ఏదో పని మీద వచ్చినట్టు కనబడాలి, పనేమీ లేకుండా ఊరికే నిలబడే హక్కే తనకి కావాలి అన్నది వాళ్ల వాదన. చదివినప్పుడు పెద్దవాళ్ల గొడవ అనుకున్నాను. నాలుగేళ్ల కూతురు వచ్చాక తెలిసింది, శిక్షణ ఎప్పుడు మొదలవుతుందో.

బట్టలతోనే మొదలవుతుంది. మా పిల్లల గౌన్లకి జేబులుండవు. మీరూ ఒకసారి మీ ఇంట్లో బీరువా తీసి చూడండి. మెరుపులుంటాయి, బోలుంటాయి, వీపున ముడేసే పట్టీలుంటాయి. జేబు ఉండదు. అందుకే మేం ఎక్కడికెళ్లినా గురివింద గింజలు, గులకరాళ్లు, ఎండిన కాయలు అన్నీ నా జేబులోకే వస్తాయి. దొరికింది దాచుకోడానికి కూడా పిల్ల నాన్నమీద ఆధారపడాలి. మా వీధి టైలర్‌కి రెండు గౌన్లిచ్చి జేబులు పెట్టమన్నాను. "ఆడపిల్ల గౌనుకి జేబులెందుకు సార్?" అన్నాడు. "రాళ్లేసుకోడానికి" అన్నాను. నాకేదో తేడాగా ఉందనుకుని నవ్వి, కుట్టిచ్చాడు.

తర్వాత నీళ్లు. ఇది నవ్వే విషయం కాదు. ఊళ్లో ఒక పార్కులో మా చిన్నది అర్జెంటన్నప్పుడు ఆడవాళ్ల టాయిలెట్‌కి తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. మగవాళ్లదానిలోకి దాన్ని కళ్లు మూసి తీసుకెళ్లాను. ఆ తర్వాత ఇంకో చోటికి బయల్దేరుతుంటే పెద్దది చెల్లెలికి చెప్తోంది: "నీళ్లెక్కువ తాగకు, మళ్లీ పాస్ వస్తది." ఎనిమిదేళ్లకి అది నేర్చేసుకుంది. వాళ్లమ్మ నేర్చుకున్నదే, మా అమ్మ నేర్చుకున్నదే. ఆడపిల్ల బయట ఎంతసేపుండాలో మన ఊళ్లలో ఎవరూ చట్టం చెయ్యక్కర్లేదు. ఒక్క తాళంకప్ప చాలు.

ఇక్కడ నాన్నల గురించి కొంచెం. నేనొక్కణ్ణే ఇద్దరు పిల్లల్ని తీసుకుని రైల్లో కూర్చుంటే జనం ముచ్చటపడతారు. "అదృష్టవంతులండీ మీ పిల్లలు" అన్నారొకాయన. అదే రైల్లో ఇద్దరు పిల్లల్తో ఒంటరిగా కూర్చున్న అమ్మని అలా ఎవరూ మెచ్చుకోరు. నా వీపున ఉన్న బ్యాగులో పెరుగన్నం, మారు బట్టలు, నాప్‌కిన్లు, దోమల క్రీము సర్దింది ఎవరు? నా భార్య. ఆదివారం నాకు ఔటింగ్. తనకి ఆ రోజు ఇంటిపని కొంత ఇంట్లో, కొంత బ్యాగులో. మెప్పు మాత్రం నాది. కాబట్టి, కూతుళ్లతో సెల్ఫీ దిగి 'మై ప్రిన్సెస్' అని పెట్టే తండ్రులారా, ముందు బ్యాగు సర్దడం నేర్చుకుందాం. యువరాణి అన్న మాట కూడా మానేద్దాం. కథల్లో యువరాణి ఎక్కడుంటుంది? కోటలో. బయటికెళ్లేది రాజకుమారుడు.

సరే, అసలు అభ్యంతరానికి వద్దాం. "లోకం బాగోలేదు." ఈ మాటని నేను కొట్టిపారెయ్యను. రాత్రిళ్లు నాకూ నిద్ర పట్టదు. కానీ రెండు ప్రశ్నలు. ఒకటి, ప్రమాదం ఎక్కడుంది? ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో ఏటా కనిపించేదే: అత్యాచారం కేసుల్లో అత్యధికం నిందితులు బాధితురాలికి ముందే తెలిసినవాళ్లు. వీధిని చూసి భయపడి పిల్లని ఏ గోడల మధ్య పెడుతున్నామో ఆ గోడల్ని కూడా కాస్త అనుమానించాలి కదా. రెండు, వీధి ఎప్పుడు బాగుపడుతుంది? ఆడపిల్లలందరూ ఇళ్లల్లో ఉన్నాకా? నాంపల్లిలో ఏటా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్ జరుగుతుంది. అందులో ఒక రోజుని లేడీస్ డే అని ప్రకటించే ఆనవాయితీ ఉంది. పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ మిగతా నలభై అయిదు రోజులూ ఎవరివో కూడా అదే చెప్తోంది.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురికి కూడా ఎనిమిదేళ్లే. పక్కన కట్టే బిల్డింగ్ ఇసకలో ఆడుతుంది. చూసినవాళ్లు "అదీ బాల్యమంటే" అంటారు. దగ్గరికెళ్లి చూస్తే చంకలో తమ్ముడుంటాడు. ఆ పిల్లకి ఇసక ఉంది గానీ చేతులు ఖాళీ లేవు. మా పిల్లకి చేతులు ఖాళీయే, ఇసక లేదు. ఒకరి లేమిని చూసి ఇంకొకరి బాల్యం గురించి కవిత్వం రాయకండి దయచేసి. ఇద్దరికీ రెండూ కావాలి.

నాకు తొందర ఎందుకంటే, మా పెద్దదానికి ఎనిమిదేళ్లు. మహా అయితే ఇంకో మూడు నాలుగేళ్లు. ఆ తర్వాత ఏం జరుగుతుందో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. పెద్దమనిషయిందని స్టేజీ కట్టి, హాఫ్ సారీ ఫంక్షన్ చేసి, డ్రోన్‌తో వీడియో తీయిస్తాం. ఆ మర్నాటి నుంచి సైకిల్ మెట్ల కింద చేరుతుంది. ఆ సైకిల్ని ఎవరూ వీడియో తియ్యరు. నా చెల్లెలి సైకిల్ అలాగే చేరింది. నేను దాన్ని తీసుకుని ఊరంతా తిరిగాను. తనకి ఎలా ఉంటుందని ఇరవై ఏళ్లపాటు నాకు తట్టనే లేదు.

కాబట్టి నేనడిగేది పెద్ద విప్లవం కాదు. నెలకి ఒక్క ఆదివారం ఏ పనీ పెట్టుకోకుండా కూతుళ్లతో బయటికెళ్లండి. రైలెక్కండి, బస్సెక్కండి. టికెట్ వాళ్లనే కొననివ్వండి, దారి వాళ్లనే అడగనివ్వండి. మాసిపోయే బట్టలు వెయ్యండి, జేబులున్నవి. ఫోటోలు తియ్యకండి. కాసేపు బోరు కొట్టనివ్వండి. నీళ్లు కడుపునిండా తాగించండి. టాయిలెట్‌కి తాళం ఉంటే మాట్లాడకుండా వెనక్కి రాకండి, అక్కడే నిలబడి తాళంచెవి తెప్పించండి, పిల్లలు చూస్తుండగా.

ఆ రోజు చెట్టు దిగాక, అదే తోటలో ఉన్న మ్యూజియంకి వెళ్లాం. అక్కడ ఈజిప్టు మమ్మీ ఉంది. ఎప్పుడో చనిపోయిన ఒక అమ్మాయిదని చెప్తారు. ఎంత దూరం నుంచి వచ్చిందో చిన్నదానికి నాకు తెలిసినట్టు చెప్పాను. అది అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసి, "ఈ అక్క అంత దూరం ఒక్కతే వచ్చిందా నాన్నా? ఎవరూ తిట్టలేదా?" అంది.

మొన్న ఆదివారం మళ్లీ వెళ్లాం. అదే చెట్టు. బెంచీ మీద ఎవరూ లేరు. ఎక్కుతావా అని పెద్దదాన్ని అడిగాను. ఒకసారి కొమ్మ వంక, ఒకసారి బెంచీ వంక చూసింది. "వద్దులే నాన్నా, ఎవరైనా ఏమైనా అంటారు" అంది.

ఆ పెద్దావిడ మాటని అది ఎప్పుడో ఒకప్పుడు మర్చిపోయేదే. నేను "దిగు" అన్నాను కాబట్టి గుర్తుపెట్టుకుంది. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తాం. ఈసారి అది ఎక్కినా ఎక్కకపోయినా, ఎవరైనా ఏమైనా అంటే జవాబు చెప్పాల్సింది నేను.