థలసీమియా: ప్రభుత్వ ధర్మము

బోరబండవంటి కూలిజనుల బస్తీలో ఒక బిడ్డ పుట్టినదనుకొందము. ఆరు నెలలు ఆడుచు నవ్వుచు నుండును. గర్భమునుండి తెచ్చుకొన్న శిశు హిమోగ్లోబిన్ తరిగినకొలది ముఖము పాలిపోవును. ప్లీహము పెరిగి పొట్ట ఉబ్బును. ఇంటివారు దిష్టి యందురు. కోడలి పాదము మంచిది కాదందురు. అది దిష్టియు కాదు, పాదదోషమును కాదు, థలసీమియా.

తల్లివలన నొకటి, తండ్రివలన నొకటి, చెడిన జన్యువులు రెండును సంక్రమించిన బిడ్డకే యీ వ్యాధి. ఒక్కటియే చెడినవారు ఆరోగ్యవంతులుగానే తిరుగుదురు. తమలో నున్నదని యెఱుగరు. అట్టి దంపతులకు ప్రతి కాన్పునందును వ్యాధిగ్రస్తమగు శిశువు కలుగుటకు నూటికి 25 పాళ్లు అవకాశము. మేనరికములందు ఒకే వంశపు దోషము ఇరువైపులనుండి వచ్చి కలియుట సులభము. పెండ్లిసారెతో నిదియు నింటికి వచ్చునని మనవారెవ్వరు తలతురు?

చికిత్స లేనిచో మజ్జ పొంగి, చెక్కిళ్ల యెముకలు ఉబ్బి ముఖరూపమే మారును, ఎదుగుదల కుంటుపడును. రెండు మూడు వారముల కొకసారి రక్తమెక్కించినచో బిడ్డ బ్రతుకును. కాని ఆ రక్తముతో వచ్చిన ఇనుము గుండెయందును, కాలేయమునను, గ్రంథులయందును పేరుకొనును. దానిని వెడలించు మందు చాలనిచో ఈడు వచ్చినను బాలిక రజస్వల కాకపోవచ్చును, బాలునికి మీసము మొలవకపోవచ్చును. దాతకై తిరిగిన దినమున తండ్రికి కూలి లేదు.

మన నగరమున 1998లో ఏర్పడిన థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఎందఱో బిడ్డలకు రక్తమెక్కించుచున్నది. సంఘములు చేయునది చేయుచున్నవి. ప్రభుత్వము చేయవలసినది వేరు. సైప్రసు ద్వీపమున 1970వ దశకమున ఆరంభమైన కృషిచే, పరీక్షవలనను గర్భస్థశిశు నిర్ధారణవలనను, ఇట్టి జననములు ఇంచుమించు నిలిచినవి. అచ్చట పెండ్లిని నిషేధింపలేదు, విషయమును తెలియజెప్పిరి.

రైలులో ఒక్క స్టేషను దాటిన హైటెక్ సిటీ. అచ్చటి యుద్యోగి యీ పరీక్షను కొనగలడు. బోరబండ గర్భిణికి బస్తీ దవాఖానలో మొదటి దర్శనమునాడే ఉచితముగ జరుగవలయును. ఆమెలో దోషము కనబడినచో భర్తకును చేయవలయును. ఫలితము దంపతులకు తప్ప అత్తవారికి తెలుపరాదు. లేనిచో కోడలి పాదముపై నింద రక్తముపైకి మాఱునంతే.

మఱియొక మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని జాబితాలో చేర్చినది. కాని 34వ సెక్షనున సర్కారుద్యోగములందు కేటాయించిన నూటికి 4లో రక్తవ్యాధిగ్రస్తులను పేర్కొనలేదు. ఒకచేత నిచ్చి ఒకచేత తీసికొను ఈ సెక్షనును సవరింపవలయునని మన పార్లమెంటు సభ్యులను అడుగుచున్నాము.