నల్లద్దములు గావు, మూత అద్దములు

2023 వ సంవత్సరము వర్షకాలమున ఉభయ తెలుగు రాష్ట్రములయందును కండ్లకలక విస్తారముగా వ్యాపించినపుడు ఊరూర నల్లద్దముల జోళ్ళు కానవచ్చినవి. కలక వచ్చినవానిని జూచినంతమాత్రమున చూచినవానికిని వచ్చునని మనవారి నమ్మకము. చూపు వెంట వైరసు రాదు. రోగి కన్ను తుడుచుకొన్న తువ్వాలు, తలగడ, తలుపు గడియ, వీనిని ముట్టిన చేతితో మనము కన్ను నలుపుకొన్నపుడు వచ్చును. నల్లద్దములు రోగికి వెలుతురు బాధను దగ్గించును. అంతకు మించి ఫలము స్వల్పము. ఇంటిల్లిపాదికి జోళ్ళు కొనుటకంటె తలకొక తువ్వాలు వేరుగా నుంచుకొని, సబ్బుతో చేతులు కడుగుకొనుట మేలు.

ఇంతమాత్రమున కండ్లద్దములే వ్యర్థమనరాదు. అక్కఱలేనిచోట వానిని గొనుచు, అక్కఱయైనచోట మఱచుచున్నాము. ఆ చోటు కోళ్ళ షెడ్డు.

కన్ను వైరసునకు వాకిలి యెట్లగునని సభ్యులు సందేహింపవచ్చును. కంటిలో మందు చుక్కలు వేసికొన్న కొంతసేపటికి గొంతులో చేదు తగులుట మనలో ననేకుల కనుభవమే గదా. కన్నీరు ముక్కులోనికి దిగుటకు కంటిమూలనుండి సన్నని నాళమొకటి కలదు. మందు దిగిన త్రోవనే రోగమును దిగగలదు. అంతియగాక, పక్షుల ఇన్‌ఫ్లూయెంజా వైరసు కోడి శరీరమున దేనిని బట్టుకొని లోన బ్రవేశించునో, అట్టి పట్టు మన కంటిపొరయందును దానికి దొరకును. కావుననే ఆ వైరసులలో గొన్ని రకములు మనుష్యునికి సోకినపుడు మొదట కన్నెఱ్ఱబడును.

2003 లో నెదర్లాండ్సు దేశమున కోళ్ళకు అట్టి రకమొకటి సోకి, దాదాపు మూడు కోట్ల పక్షులను జంపవలసివచ్చెను. ఆ సందర్భమున 89 మంది మనుష్యులకు వైరసు సోకినట్లు పరీక్షలవలన దేలెను. వారిలో 78 మందికి వచ్చినది కండ్లకలకయే. ఒక పశువైద్యుడు మాత్రము ఊపిరితిత్తులు చెడి మరణించెను. 2024 లో అమెరికాలో మఱియొక రకము పాడియావులకు బ్రాకినపుడు, టెక్సాసు రాష్ట్రమున ఆవుల పనిచేయు నొకనికి కన్నెఱ్ఱబడుట తప్ప చెప్పదగిన లక్షణమే లేకుండెను. ఆ యేడు అక్టోబరు వఱకు నా దేశమున పరిశీలింపబడిన, జంతువుల సంపర్కముగల 45 మంది రోగులలో నూటికి 93 వంతుల వారికి కండ్లకలక యుండెను.

ఇవి దూరదేశపు ముచ్చటలని త్రోసివేయరాదు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలము వేల్పూరునందును, పెరవలి మండలము కానూరు ప్రాంతమునందును కోళ్ళకు బర్డ్ ఫ్లూ నిర్ధారణమయ్యెను. మఱుసటి నెల పల్నాడు జిల్లాలో నొక పసిబిడ్డ ఆ రోగముతోనే మరణించెను. ఆ బిడ్డకు కంటి ద్వారమున వచ్చెనని నే ననుట లేదు. రోగము మన గడప ద్రొక్కినదని మాత్రమే చెప్పుచున్నాను. ఇట్టి సమయమున చచ్చిన కోళ్ళను గోతాములకెత్తి గుంటలలో బూడ్చువారెవరు? తఱచుగా కూలివారే. ముక్కునకు తువ్వాలు చుట్టుకొనవలెనని వారికి దోచును, కంటిమాట తోచదు. రెట్టదుమ్ము, ఈకల నూగు, చిందిన నీరు కంటబడగా మోచేతితో తుడుచుకొందురు.

మఱి చత్వారపు జోడు చాలదా? చాలదు. 2022 లో బ్రకటితమైన నార్వే దేశపు పరీక్షలో 3,717 మందిని రెండు పాళ్ళు చేసి, ఒక పాలువారిని జనులమధ్య రెండు వారములు మామూలు జోళ్ళు ధరింపుమనిరి. కోవిడ్ సోకినది జోడు పెట్టినవారిలో నూటికి 3.7, పెట్టనివారిలో 3.5. భేదమే లేదు. ప్రక్కలు తెరచియున్న జోడు గాలిని, తుంపరను నాపజాలదు. ఇందులకు భిన్నముగా 2020 లో చెన్నపట్టణమున ఇల్లిల్లు దిరిగిన 62 మంది ఆరోగ్య కార్యకర్తలలో 12 గురికి కోవిడ్ సోకగా, మిగిలిన 50 మందికి ముఖమంతయు గప్పు పారదర్శకపు రేకు లిచ్చిరి. పిమ్మట వారు 18,228 ఇండ్లు దిరిగినను ఒక్కరికిని సోకలేదు. సర్వమును రేకు మహిమయే యని నే ననను. అది పోటీపెట్టి చేసిన పరీక్ష కాదు. అయినను ముక్కుగుడ్డలు, చేదొడుగులు ముందునుండియు నుండెనని మఱవరాదు.

షెడ్డు దుమ్మునకు రేకుకంటె కంటిచుట్టు గట్టిగా నదుముకొను మూత అద్దములు, గాగుల్సనబడునవి, తగియున్నవి. చూపుజోడుమీదుగా దొడుగదగినవియు గలవు. ఎరువులు, విత్తనములు నిలువచేయు మన సంఘము కోళ్ళు పెంచు సభ్యులున్న ప్రతి యూరికిని కొన్ని జతలు కొని యుంచవలెనని నా యభిప్రాయము. సభ్యు లడుగలేదు గదా యని పాలకవర్గము వా రనవచ్చును. కూలివాడు మనకు సభ్యుడు కాడు, అతడడుగడు. అడుగవలసినది షెడ్డు యజమానియైన సభ్యుడే. జత లెన్ని కొన్నను మొదట నవి చచ్చిన కోడిని ముట్టువానికి జేరవలెను గాని, వాకిట నిలిచి లెక్కవ్రాయువానికి గాదు.

ఉక్కకు అద్దము మసకబాఱునను ఫిర్యాదు న్యాయమైనదే. ఆ పనిని చల్లనివేళ బెట్టుకొని, నడుమ నడుమ బయటికి వచ్చి విశ్రమించుటకు గూలి కోయక సెలవీయవలెను. తీయునపుడు ముందు చేతులు కడిగికొని, వెనుక పట్టీ పట్టి తీయవలెను. అద్దపు ముందుభాగము ముట్టరాదు. పిమ్మట సబ్బునీట గడిగి యారబెట్టి, చేతులు మరల కడిగికొనవలెను. రోగపు కోళ్ళను ముట్టిన పదిదినములలో కన్నెఱ్ఱబడినచో చనుబాలు పోయించుకొని యింట గూర్చుండక, ప్రభుత్వ వైద్యశాలకు బోయి, కోళ్ళ పని చేసితినని వైద్యునితో మొట్టమొదట జెప్పవలెను.