భాష నేర్చుటయు సేవయే

సువార్తసేవకై పరదేశమునకు పోయిన కుటుంబము వెంటనే పని నారంభింపక, మొదటి సంవత్సరమంతయు బల్లమీద కూర్చుండి క్రొత్త భాష వల్లించుచు గడపునని వినినప్పుడు, ఆ కాలము వ్యర్థమయ్యెనని తలంచువారు పెక్కుమంది కలరు. పంపిన సంఘమువారికి ఆ సంవత్సరపు లెక్కలో కట్టిన గుడి గాని, తెరచిన బడి గాని కానరాదు. అయినను ఆ సంవత్సరమే సేవలో మొదటి భాగమనియు, దానిని తప్పించుకొనినవారి తక్కిన సేవ కుంటుపడుననియు మా యభిప్రాయము. ఇందులకు స్పానిషు భాష మాటలాడు దేశములకు పోయిన మిషనెరీల చరిత్రను నిదర్శనముగా చూపెదము. అందు మన పాఠశాలకును నేర్వదగినది కలదు.

స్పానిషు భాష స్పెయిను దేశమున పుట్టి, సముద్రములు దాటి, నేడు ఇరువది దేశములలో రాజభాషయై యున్నది. మెక్సికో మొదలుకొని దక్షిణ అమెరికా కొననున్న చిలీ, అర్జెంటీనాల వరకు, బ్రెజిలు మొదలగు కొన్ని దేశములలో తప్ప, బడిలోను బజారులోను కచ్చేరిలోను అదియే వాడుక. ఆ భాషలో పరిశుద్ధ గ్రంథమునంతయు తర్జుమా చేసి కాసియొదోరో దె రేయినాగారు 1569లోనే స్విట్జర్లాండులోని బాసెలు పట్టణమున అచ్చొత్తించిరి. సిప్రియానో దె వలేరాగారు దానిని దిద్ది 1602లో మరల ప్రకటించిరి. కావున ఆ దేశములకు పోవు మిషనెరీకి గ్రంథము సిద్ధముగనే యున్నది. దానిని విప్పి చెప్పుటకు నోరు మాత్రము సిద్ధము కావలయును.

ఇట్టివారి కొరకే 1942లో కొలంబియా దేశపు మెదెలీను పట్టణమున ఒక స్పానిషు భాషా పాఠశాల స్థాపింపబడెను. 1950లో అది కోస్టా రికా దేశపు ముఖ్యపట్టణమగు సాన్ హోసేకు మార్చబడెను. అచ్చటికి భార్యాభర్తలు తమ పిల్లలతో కూడ పోయి, ఇరువురును తరగతిలో కూర్చుండి చదువుట వాడుక. ఈ యేర్పాటు మాకు మిక్కిలి నచ్చినది. భర్త మాత్రము భాష నేర్చి భార్య యింటిలో మూగదానివలె నుండినయెడల, ఆ యింటి వాకిట నిలిచిన పొరుగింటి తల్లితో మాటలాడువా రెవరు? రోగిని పలుకరించుటయు, దుఃఖములో నున్నవారి ప్రక్కను కూర్చుండుటయు ప్రసంగపీఠముకంటె తక్కువైన సేవలు కావు గదా.

స్పానిషు సులభమైన భాషయని చెప్పుదురు. వ్రాసినది వ్రాసినట్లే చదువవచ్చుననుట చాలవరకు నిజమే. అయినను చిన్న యక్షరము పెద్ద పొరపాటునకు దారితీయును. ఆ భాషలో 'పెస్కదోర్' అనగా చేపలు పట్టువాడు. 'పెకదోర్' అనగా పాపి. నడుమనున్న సకారము జారిపోయినచో, ప్రభువు గలిలయ సముద్రతీరమున పిలిచిన జాలరుల కథ వేరొక కథయగును. 'కారో' యని రేఫమును తేలికగా పలికిన వెల హెచ్చైనదని యర్థము; దానినే నాలుక అదరునట్లు గట్టిగా పలికిన బండి యని యర్థము. మన ప్రాచీనులు రేఫ శకటరేఫములకు భేదము పాటించిన సంగతి యెరిగిన తెలుగు విద్యార్థికి ఇది వింతగా తోచదు. మనకు నీవు, మీరు అను భేదమున్నట్లు వారికిని 'తు', 'ఉస్తెద్' అను భేదము కలదు. ఈ రెండవమాట 'తమ దయ' యను నర్థము గల ప్రాచీన గౌరవవచనమునుండి పుట్టినది. ఎవరితో ఏ మాట చెల్లునో వ్యాకరణమొక్కటియే నేర్పజాలదు. ఆ జనులతో కలిసి మెలసి యుండియే దానిని నేర్వవలయును.

ఇట్లు నేర్చువాడు తప్పులు పలుకును, విన్నవారు నవ్వుదురు. స్వదేశమున పట్టభద్రుడును, పదుగురిచే మన్ననలు పొందినవాడునైన మనుష్యుడు అంగడిలో ఉల్లిగడ్డలు కొనుటకు మాట దొరకక తడబడును. వీథిలో ఆడుకొనిన అతని చిన్నకుమారుడు తండ్రికంటె ముందుగా భాష పట్టుకొని, తండ్రి పలుకును దిద్దును. ఇది అవమానము కాదు. మేము దీనినే సేవ యందుము. ఇచ్చుటకు మాత్రమే వచ్చితిమనుకొన్నవారు ఇచ్చట మొదట చేయిచాచి పుచ్చుకొనుచున్నారు. ఆ దేశపు సామాన్యజనులు గురువులగుచున్నారు. లోకరక్షకుడు సయితము తల్లి యొడిలో శిశువై మాటలు నేర్చెనని నమ్మిన మనకు ఈ మార్గము చిన్నదిగా కనబడరాదు.

మన దేశమునందును ఇట్లే జరిగెను. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషనువారగు జార్జి క్రాను, ఆగస్టసు డెస్ గ్రాంజెసుగార్లు తెలుగు నేర్చి సువార్తలను తర్జుమా చేయబూనినప్పుడు, ఆనందరాయరను క్రైస్తవుడు వారికి తోడ్పడెను. ఆనందరాయరువంటివారు నేర్పకున్నచో ఆ దొరల పని సాగియుండదు.

అయితే రాజభాష నేర్చిన మాత్రమున పని ముగిసెనా? ఇచ్చట విలియం కామెరాను టౌన్సెండుగారి చరిత్రను తెలుపవలసియున్నది. అమెరికా దేశస్థులగు వీరు 1896లో జన్మించి, 1917లో, ఇరువదియొక యేండ్ల ప్రాయమున, స్పానిషు బైబిళ్లు అమ్ముటకై గ్వాటెమాలా దేశమునకు పోయిరి. కక్చికెలు జాతికి చెందిన ఫ్రాన్సిస్కో దియాసు అను క్రైస్తవునితో కలిసి వారు గ్రామములు తిరుగగా, ఆ దేశపు ఆదిమజాతులవారిలో పెక్కుమందికి స్పానిషు భాషయే రాదని తెలిసెను. మా భాష యెరుగని దేవుడు గొప్పవాడెట్లగునని యొకడు వారి నడిగెనని చెప్పుదురు. స్పెయినువారు ఆ దేశమును జయించి అప్పటికి నాలుగువందల యేండ్లు కావచ్చినది. అయినను పల్లెలలోని తల్లులు తమ బిడ్డలను జోకొట్టునది తమ భాషలోనే.

టౌన్సెండుగారు 1919లో, ఆ దేశముననే సేవ చేయుచున్న ఎల్వీరా మాల్మ్‌స్ట్రోముగారిని వివాహమాడిరి. దంపతులిరువురును కక్చికెలు జనుల గ్రామమున, మొక్కజొన్న దంట్లతో అల్లిన గుడిసెలో కాపురముండిరి. ఆ భాషలో ఒక్క క్రియకు ముందును వెనుకను ప్రత్యయములు చేరి వేలకొలది రూపములగును. లాటిను వ్యాకరణపు మూసలో దానిని పోయజూచిన అది యొదుగదు. దాని రీతిని దానినుండియే తెలిసికొనవలయును. దాదాపు పదియేండ్లు పాటుపడి, కక్చికెలు జనుల సహాయముతో వారు క్రొత్త నిబంధనను 1929లో ముగించిరి. అది 1931లో అచ్చుపడెను. ఈ పనికి యువకులను తరిఫీదు చేయుటకై 1934లో వారు అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రమున ఒక వేసవి పాఠశాలను స్థాపించిరి. అందుండియే వేసవి భాషాశాస్త్ర సంస్థ పుట్టినది.

ఈ పనిని నిందించినవారును కలరు. భాషాసేవ యను పేరున పరాయి ఆచారములను ఆదిమజాతులలో చొప్పించుచున్నారని లాటిన్ అమెరికా పండితులు పలువురు ఆక్షేపించిరి. మెక్సికో ప్రభుత్వమువారు 1979లో ఆ సంస్థతో తమకుగల ఒడంబడికను రద్దుచేసిరి. ఈ విమర్శను మనము త్రోసివేయరాదు. భాష నేర్చినవాడు ఆ జనుల మాటను వినుటకు నేర్చెనా, తన మాటను వారి చెవిలో వేయుటకు మాత్రమే నేర్చెనా యనునదే ప్రశ్న. మొదటివాడు సేవకుడు, రెండవవాడు వర్తకుడు. ఒక్కటే వ్యాకరణము ఇద్దరిని తయారుచేయగలదు. కావుననే నేర్చుకొను దినములలోని వినయము, ఆ దినములు ముగిసిన పిమ్మటను నిలువవలయునని చెప్పుచున్నాము.

గ్వాటెమాలాలో స్పానిషు ఎట్టిదో, మన కొండప్రాంతములలో తెలుగు అట్టిదే. భద్రాచలపు మన్యమునుండి వచ్చిన కోయబాలునకును, శ్రీకాకుళపు కొండలనుండి వచ్చిన సవరబాలికకును మన తెలుగు వాచకము ఇంటిభాష కాదు. వారు మౌనముగా కూర్చుండినచో మందబుద్ధులని మనము త్వరపడి తీర్మానింతుము. ఆ మౌనము బుద్ధిలేమి కాదు, భాషలేమి. గిడుగు రామమూర్తి పంతులుగారు మిషనెరీ కారు. పర్లాకిమిడిలో మావలెనే బడిపంతులు. అయినను వారు సవరలవద్ద సవరభాష నేర్చి, ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించి, 1931లో సవరభాషా వ్యాకరణమును ప్రకటించిరి. క్రైస్తవ పాఠశాలలో పనిచేయు మేము అంతమాత్రము చేయలేమా? అట్టి పిల్లలున్న ప్రతి తరగతి యుపాధ్యాయుడును సంవత్సరాంతమునకు వారి భాషలో నూరు మాటలైనను వారినుండియే నేర్వవలయునని మా మనవి. ఇందులకు ద్రవ్యమక్కరలేదు, పిల్లలు నవ్వినప్పుడు కోపగించుకొనకుండ నున్న చాలును.

తలిదండ్రులకును ఒక మాట. తమ బిడ్డలు ఇంగ్లీషు నేర్చి దూరదేశములకు పోవలయునని మీరు కోరుట న్యాయమే. మేమును దానికొరకే పాటుపడుచున్నాము. కాని తల్లిభాషను తక్కువగా చూడ నేర్చిన బిడ్డ ఇతరుల తల్లిభాషను గౌరవింపజాలడు. పరభాష నేర్చుటకు మొదటి మెట్టు, తన యింటిభాషలో తప్పులేకుండ ఒక ఉత్తరము వ్రాయగలుగుటయే.

విద్యార్థులారా, మీలో కొందరు ఉద్యోగమునకో, వైద్యమునకో, సువార్తకో పరాయి ప్రాంతములకు పోవుదురు. అచ్చటివారు మీ భాష నేర్చువరకు వేచియుండకుడు. టౌన్సెండుగారు డెబ్బది యేండ్లు దాటిన పిమ్మట రష్యను భాష నేర్వబూని, 1968లో భార్యయగు ఎలేనుగారితో ఆ దేశమునకు పోయిరి. పెంతెకొస్తు దినమున యెరూషలేములో కూడిన జనులు ఎవరి భాషలో వారు సువార్తను వినిరి గదా. ఆ దినమున అది వరముగా వచ్చెను; మనకు అది అభ్యాసముచే రావలసియున్నది.