తలపై చేయి

మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో ఒకప్పుడు బాప్తిస్మం నీళ్లతో ముగిసేది కాదు. కొత్తగా సంఘంలో చేరినవాళ్లు తమ తలపై తామే చేయి పెట్టుకుని, సువార్త చెప్పకుండా ఊరుకోబోమని బైబిల్లోని పౌలు మాటల్లో ఒట్టు పెట్టుకునేవారు. ఆ పద్ధతి బిషప్ వి.ఎస్. అజరయ్య నాటిది. తిరునెల్వేలి సీమకు చెందిన ఆయన 1909లో ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. అలా ఒట్టు పెట్టుకున్నవారిలో ఎక్కువమంది చదువురాని మాల, మాదిగ కూలీలు. వాళ్లు సువార్త చెప్పడానికి దొర వచ్చేదాకా ఆగనక్కర్లేదన్నమాట.

దశాబ్దాల తర్వాత, రక్షణ అంటే పాపక్షమాపణా, పీడన నుంచి విడుదలా అని ప్రపంచ చర్చిల మండలి 1973 తొలినాళ్లలో బ్యాంకాక్‌లో గట్టిగానే తర్జనభర్జన పడింది. ఆ మండలి కేంద్ర కమిటీకి అప్పుడు అధ్యక్షత వహించింది కేరళకు చెందిన ఎం.ఎం. థామస్. మరుసటి ఏడాది లాసాన్‌లో కూడిన సువార్తికులు సువార్త చెప్పడం, సామాజిక న్యాయం కోసం పాటుపడటం రెండూ క్రైస్తవుల బాధ్యతలేనని ఒప్పుకున్నారు. డోర్నకల్ పల్లెల్లో అప్పటికే ఈ రెంటినీ ఎవరూ విడదీయలేదు. కల్లు మానాలి, పిల్లల్ని బడికి పంపాలి, ఉన్నంతలో సంఘానికి కానుక తేవాలి, పక్క ఊరికి వెళ్లి సాక్ష్యం చెప్పాలి. అన్నీ కలిపే రక్షణ.

డోర్నకల్ పల్లెల్లో జరిగినట్టు మూకుమ్మడిగా మతం మారడం ఆత్మ పిలుపు కాదని 1930లలో గాంధీజీ అభ్యంతరం చెప్పారు. అజరయ్య ఒప్పుకోలేదు. ఆ తగవులో మా మొగ్గు అజరయ్య వైపే. ఆకలిగొన్నవాడికి దేవుణ్ని ఎంచుకునే తెలివి ఉండదనడం పెద్దమనుషుల మాట.

ఇవాళ జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఎక్కడ చూసినా స్వస్థత కూటముల ఫ్లెక్సీలే. ఆసుపత్రి బిల్లు కట్టలేనివాళ్లు అక్కడికి వెళితే నవ్వాల్సిందేమీ లేదు. అయితే ఆ వేదికల మీద కులం సర్టిఫికెట్ ఊసు వినపడదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. తెలంగాణలో అతను బీసీ-సీ, ఒక శాతం రిజర్వేషన్ వాటాదారు. అందుకే ఆదివారం చర్చికెళ్లేవాడు సోమవారం దరఖాస్తులో హిందువని రాస్తాడు. సాక్ష్యం చెప్పడమే రక్షణకు గుర్తని నేర్పిన నేల మీద, చెప్పకుండా ఉంటేనే పిల్లవాడికి సీటు. దీన్ని అతని అబద్ధంగా మాత్రమే చూసే పాస్టర్లున్నారు, అధికారులూ ఉన్నారు.

మతం మారితే కులం పోయిందని ఆ ఉత్తర్వు లెక్క. కానీ ఒకే గిన్నెలో ప్రభువు బల్ల తీసుకున్న మాల, మాదిగ కుటుంబాలు పిల్లల పెళ్లి దగ్గరకొచ్చేసరికి ఎంత దూరం జరుగుతాయో సంబంధాలు కుదిర్చే సంఘపెద్దలను అడిగితే చెబుతారు.